గడ్డిమంట పనితనం

జపాన్‌లోని షికోకు దీవిలో, కోచి నగరపు కోటకు దగ్గర్లో ఉంది హిరోమే బజారు. 1998లో మొదలైంది. ఒకే కప్పు కింద సుమారు 60 దుకాణాలు. పొడవాటి బల్లల దగ్గర ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. పక్కవాళ్లు కొత్తవాళ్లయినా కాసేపట్లో చుట్టాలైపోతారు. ఊరివాళ్లు మిట్టమధ్యాహ్నమే గ్లాసులు పట్టుకుని కబుర్లలో పడతారు.

ఇంత సందడిలోనూ నన్ను కట్టిపడేసింది గడ్డిమంట దగ్గర నిలబడ్డ వంటవాడి పనితనం. ఆయన కాల్చేది కత్సువో, ట్యూనాకు దగ్గరి చుట్టమైన చేప. పొయ్యిలో గుప్పెడు వరిగడ్డి వేయగానే మంట మనిషెత్తు లేస్తుంది. చేపముక్కను అందులోకి తోసి, తిప్పి, చటుక్కున వెనక్కి లాగుతాడు. గడియారం చూడడు, రంగు చూస్తాడు. గడ్డి భగ్గున మండి ఇట్టే ఆరిపోతుంది కాబట్టే పైతోలు మాడి, గడ్డిపొగ వాసన పట్టి, లోపలి కండ మాత్రం ఎర్రగా, పచ్చిగా మిగులుతుంది. రెండు క్షణాలు ఆలస్యమైతే ఆ రుచి పోయినట్టే.

తర్వాత వేలెడు మందాన కోసి, పైన పచ్చి వెల్లుల్లి రేకులు, ఉల్లికాడలు, కాస్త ఉప్పు వేసి చేతికందిస్తారు. దీన్నే తతాకి అంటారు.

ఆ మంటకు వాడేది మన కళ్లాల్లోనూ మిగిలే వరిగడ్డే. ఆ గడ్డికి ఇంత గౌరవం తెచ్చిన చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.