పెద్దింటి నేరం – తెరమీది నీతి: మూడు తెలుగు ఉదంతాల పరిశీలన

కీలకపదాలు: వాస్తవ నేరకథనం, కుటుంబం, ప్రసార నిషేధం, ఫ్యాక్షన్, బాధితులు.

ప్రవేశిక:
వాస్తవ నేరాల ఆధారంగా రూపొందిన ధారావాహికలు, చలనచిత్రాలు పలుకుబడిగల కుటుంబాలను ఇతివృత్తంగా స్వీకరించినప్పుడు సాధారణంగా ఎదురయ్యే ప్రశ్న “చూపినది నిజమేనా?” అన్నది. ఇది అవసరమైన ప్రశ్నే గాని, ఇదొక్కటే చాలదు. కథను ఎవరు ఆపగలిగారు, కథలో ఎవరి మనసుకు చోటు దక్కింది అనే ప్రశ్నలు కూడా తోడైనప్పుడే ఈ ప్రక్రియలోని నీతి తేటపడుతుంది.

1. ఆగిన కథ:
నెట్‌ఫ్లిక్స్ ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్: ఇండియా’ అనే డాక్యుమెంటరీ ధారావాహికలో ఒక భాగం సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు బి. రామలింగరాజుకు సంబంధించినది. 2020 సెప్టెంబరులో హైదరాబాదు సివిల్ న్యాయస్థానం దాని ప్రసారాన్ని నిలిపివేసింది. అక్టోబరులో ఆ భాగం లేకుండానే ధారావాహిక విడుదలైంది. శిక్షపై అప్పీలు సాగుతుండగా వచ్చే ప్రసారం న్యాయవిచారణకు చేటు చేస్తుందనే వాదాన్ని తేలికగా తీసివేయలేము. అయితే లేని రూ. 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలను ఉన్నట్లు చూపామని 2009 జనవరి 7 నాటి లేఖలో అంగీకరించినది రాజే. కుమారులు నిర్వహించే మేటాస్ సంస్థలను సత్యం చేత కొనిపించే ప్రయత్నం 2008 డిసెంబరులోనే బహిరంగమైంది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం రాజుతోపాటు సోదరులకూ శిక్ష విధించింది. ఇదే ఉదంతంపై కింగ్‌షుక్ నాగ్ రచించిన పుస్తకం 2009లోనే వెలువడింది. అచ్చులో పదేళ్లకు పైగా ఉన్న విషయమే తెరమీదికి వచ్చేసరికి ఆగిపోయింది.

2. ఆగని కథ:
మిర్యాలగూడలో 2018లో జరిగిన పరువు హత్య నేపథ్యంగా వచ్చిన రామ్‌గోపాల్‌వర్మ ‘మర్డర్’ చిత్రానికి ‘కుటుంబ కథా చిత్రమ్’ అని ఉపశీర్షిక. పితృ దినోత్సవం నాడు వెలువడిన ప్రచారచిత్రం కథను తండ్రి ప్రేమ వైపు నుంచి చూడమని ముందే సూచించింది. భర్తను కోల్పోయిన యువతి న్యాయస్థానాన్ని ఆశ్రయించగా కొంతకాలం నిలుపుదల లభించింది. అనంతరం అసలు పేర్లు వాడరాదన్న షరతుతో హైకోర్టు అనుమతించగా, 2020 డిసెంబరులో చిత్రం విడుదలైంది. పేర్లు తొలగించినా గుర్తింపు తొలగలేదు. పేరు మార్పు నిర్మాతకు రక్షణ ఇచ్చినంతగా బాధితురాలికి ఇవ్వలేదు.

3. మనసు ఎవరికి?
2010లో రెండు భాగాలుగా వచ్చిన ‘రక్తచరిత్ర’ పరిటాల రవి, మద్దెలచెరువు సూరి వైరానికి పేర్లు మార్చి చేసిన చిత్రణ. ఇద్దరు కథానాయకులకూ తండ్రి మరణం, పగ, సమర్థన అన్నీ సమకూరాయి. 1993లో టీవీ పెట్టెలో అమర్చిన బాంబుకు బలైన సూరి కుటుంబీకులు మాత్రం అతని పగకు కారణంగానే మిగిలారు. ఫ్యాక్షన్‌లో అనుచరులుగా ప్రాణాలిచ్చిన పేద కుటుంబాలకు ఆ పాటి చోటూ దక్కలేదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన నాయుడుపేట వంటి పట్టణాల ప్రేక్షకులకు అనంతపురం ఫ్యాక్షన్ ప్రత్యక్షానుభవం కాదు. వార్తాపత్రిక తరువాత వారికది తెరమీది కథే. అందువల్ల తెర విస్మరించినవారు ప్రేక్షకుల దృష్టిలో చరిత్రలోనే లేనివారవుతారు. అమెరికాలో 2022లో ‘డామర్’ ధారావాహిక వచ్చినప్పుడు మృతుల బంధువులు వ్యక్తం చేసిన ఆవేదన కూడా ఇటువంటిదే.

ముగింపు:
ఆటో శంకర్ ఆత్మకథ వివాదంలో 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్. రాజగోపాల్ తీర్పు బహిరంగ రికార్డుపై ఆధారపడిన ప్రచురణకు స్వేచ్ఛనిచ్చింది, దానికి వెలుపలి వ్యక్తిగత జీవితానికి రక్షణ కల్పించింది. పై ఉదంతాలలో ఈ వివేచన తలకిందులైంది. రికార్డుకు ఎక్కిన సంపన్నుని కథ ఆగింది, బాధితురాలి అంతరంగం మీద అల్లిన కల్పన విడుదలైంది. ఈ ప్రక్రియను అంచనా వేసే విమర్శ అధికారాన్ని ప్రశ్నించే సాహసాన్ని మెచ్చుకోవడంతో ఆగరాదు. పెద్దింటివారి నేరానికి రికార్డు ఎంత ఆధారమైందో, చిన్నవారి దుఃఖానికి కథలో ఎంత చోటు దక్కిందో కలిపి తూచాలి. రెండవది లోపించిన కథనం వాస్తవాలన్నీ సరిగానే చెప్పినా న్యాయం తప్పినట్లే.