హాజరుపట్టీకి అందని చదువు: దీర్ఘవ్యాధి, ఇంటి బోధన, విధానాలు

సింగపూర్ ఉత్తర తీరాన ఉన్న సెంబవాంగ్ ఒకప్పుడు బ్రిటిష్ నౌకాస్థావరం. నేడది హెచ్.డి.బి. ఫ్లాట్ల నడుమ బడులు నడకదూరంలో ఉండే నివాస ప్రాంతం. అయితే పిల్లల కాన్సర్ వంటి వ్యాధులకు చికిత్స చేసే ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రులు రెండూ, అంటే కె.కె. మహిళా శిశు ఆసుపత్రి, నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రి, దీవి దక్షిణ భాగంలో ఉన్నాయి. అక్కడ చికిత్స పొందే సెంబవాంగ్ విద్యార్థి కాలం ఆసుపత్రికీ, ఇంటికీ, బడికీ మధ్య చీలిపోతుంది. ఈ మూడు చోట్లా ఆ పిల్లవాడి చదువుకు బాధ్యులెవరన్నదే విధానాలు స్పష్టంగా తేల్చవలసిన ప్రశ్న.

సింగపూర్ నిర్బంధ విద్యా చట్టం 2000లో వచ్చి, 2003 జనవరి 1 నుంచి అమలైంది. ఆరేళ్ళు దాటి పదిహేనేళ్ళు నిండని పౌరులను ప్రాథమిక బడికి క్రమం తప్పక పంపడం తల్లిదండ్రుల విధి. దాన్ని ఉల్లంఘిస్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. 2019 నుంచి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకూ దీన్ని విస్తరించారు. తల్లిదండ్రుల బాధ్యతను ఇంత కచ్చితంగా నిర్ణయించిన చట్టం, బడికి రాలేని విద్యార్థి దగ్గరికి ఉపాధ్యాయుణ్ణి ఎన్నో రోజున పంపాలో, వారానికి ఎన్ని గంటలు బోధించాలో చెప్పదు. పైగా అది పౌరులకే వర్తిస్తుంది. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చిన తెలుగు ఉద్యోగి బిడ్డ దాని పరిధిలోనే లేదు.

సాధనాల కొరత వల్లే ఇలా జరిగిందనడానికి వీల్లేదు. స్టూడెంట్ లెర్నింగ్ స్పేస్ అనే పాఠాల వేదిక 2018 నాటికే దేశమంతటా వచ్చింది. కోవిడ్ వేళ 2020 ఏప్రిల్ 8న బడులన్నీ పూర్తిగా ఇంటి చదువుకు మారాయి. ఇప్పటికీ సెకండరీ విద్యార్థులకు ఇంటి నుంచి చదివే రోజులు కేటాయిస్తున్నారు. కానీ ఆ ఏర్పాటు తరగతి మొత్తం ఇంట్లో ఉండే రోజు కోసం రూపొందింది. తరగతి బడిలో ఉండి ఒక్కరే ఇంట్లో మిగిలినప్పుడు, తెర మీద పాఠం దొరుకుతుంది కానీ సందేహం తీర్చేవారు, రాసింది దిద్దేవారు దొరకరు. ఆ లోటును ఇల్లు పూరిస్తుందన్న నమ్మకం కూడా నిలవదు. సింగపూర్ బడుల్లో మాతృభాషగా ఎంచుకోదగిన భారతీయ భాషల్లో తెలుగు లేదు; కనుక తెలుగు పిల్లలు హిందీ, తమిళం వంటి మరో భాషను తీసుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగానికి వెళ్తే, ఇంట్లో ఉన్న అమ్మమ్మ ఆ ‘మాతృభాష’ పాఠాన్ని ఎలా చెప్పగలదు?

ఈ ఖాళీని కొంతవరకు స్వచ్ఛంద సంస్థలు పూడుస్తున్నాయి. 1992లో ఏర్పడిన చిల్డ్రన్స్ కాన్సర్ ఫౌండేషన్ వైద్యంతో పాటు చదువులోనూ తోడ్పడుతోంది. ఆ సేవ విలువైనదే. కానీ అది వ్యాధిని బట్టి, సంస్థ వనరులను బట్టి అందేది. విద్యార్థి అయినందువల్ల అందేది కాదు.

హక్కును అంకెల్లో చెప్పిన దేశాలూ ఉన్నాయి. ఇంగ్లండులో అనారోగ్యం వల్ల 15 రోజులు బడికి దూరమయ్యే పిల్లలకు, ఆ రోజులు వరసగా వచ్చినా విడివిడిగా వచ్చినా, స్థానిక ప్రభుత్వం బోధన ఏర్పాటు చేయాలి. టెక్సస్‌లో కనీసం నాలుగు వారాలు ఇంటికే పరిమితం కావాలి. అవి వరసగా ఉండనక్కర్లేదు. ల్యుకేమియా చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. వారం బాగుంటే మరో వారం మంచం పట్టవచ్చు. అందుకే విడివిడి రోజులను కలిపి లెక్కించడం వ్యాధి స్వభావం తెలిసిన నియమం. అయితే అదే టెక్సస్‌లో వారానికి నాలుగు గంటల బోధనతో వారమంతటి హాజరు లెక్కకు వస్తుంది. ఇక్కడ నిండేది హాజరుపట్టీ మాత్రమే.

తెలుగు రాష్ట్రాలకు వర్తించే 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్ద చదువును ఎంచుకునే హక్కునిచ్చింది. భవిత కేంద్రాల ద్వారా సేవలూ ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నాయి కానీ కాన్సర్ లేదు. అంటే ఈ హక్కుకు ఆధారం బడికి వెళ్ళలేని స్థితి కాదు, వైకల్యాల జాబితా.

ఈ విధానాలన్నిటిలో సింగపూర్‌కే సాధనాలు సిద్ధంగా ఉన్నాయి. లోపించినవి మూడు నియమాలు: విడివిడి రోజులను కలిపే లెక్క, సొంత బడిలో ఆ విద్యార్థికి జవాబుదారీగా ఒక ఉపాధ్యాయుడు, పౌరసత్వంతో పనిలేకుండా బడిలో చేరిన ప్రతి బిడ్డకూ వర్తింపు. ఇవి లేనంతకాలం సెంబవాంగ్‌లో జబ్బుపడ్డ పిల్లల చదువు ఏ ప్రిన్సిపాల్ ఎంత ఉదారంగా ఉంటారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.