నవలలో మనల్ని మనం చూసుకోవడం: ‘వెన్నెల్లో ఆడపిల్ల’

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- పాఠకుడికి పాత్రతో తాదాత్మ్యం ఎలా కలుగుతుందో వివరించగలుగుతారు.
- ఒక అభిరుచి, తొలిప్రేమ ఇతివృత్తంగా గల నవలను ఆ దృష్టితో పరిశీలించగలుగుతారు.
- మీ పఠనానుభవాన్ని విమర్శగా మలచుకోగలుగుతారు.

1.1 పరిచయం

చాలా ఏళ్ళ కిందట మార్కాపురంలో ఆదివారం తరగతులు చెప్పేవాణ్ణి. వారమంతా పలకల కర్మాగారంలో పనిచేసి, ఆదివారం తరగతికి వచ్చే ఒక విద్యార్థిని యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘వెన్నెల్లో ఆడపిల్ల’ మీద వ్యాసం రాసింది. ఆ నవలలోని రమ్య తానేనని, అయితే తమ ఇంట్లో ఫోను లేదని అందులో ఉంది. నేను ఎర్రసిరాతో ‘విమర్శలో నేను అనే మాట ఉండకూడదు’ అని రాసి మార్కులు తగ్గించాను. తరువాతి వ్యాసంలో ఆమె ఆ మాట వాడలేదు. వ్యాసం శుభ్రంగా ఉంది. అందులో ఆమె మాత్రం లేదు.

తప్పు నాది. ‘రమ్య నేనే’ అన్నది విమర్శకు మొదటి మెట్టు. ‘అయితే మా ఇంట్లో ఫోను లేదు’ అన్నది రెండో మెట్టు. ఆమె రెండు మెట్లూ ఎక్కింది, నేను గమనించలేదు. ఈ భాగంలో ఆ రెండు మెట్ల గురించే చెప్పుకుందాం.

1.2 తాదాత్మ్యం, సాధారణీకరణం

మనది కాని కథకు మనం ఎందుకు కన్నీరు పెడతాం? ఈ ప్రశ్నకు కాశ్మీర ఆలంకారికుడు భట్టనాయకుడు ‘సాధారణీకరణం’ అనే సమాధానం ఇచ్చాడు. కావ్యంలోని భావం ఫలానా వ్యక్తిది, ఫలానా కాలానిది అనే హద్దులు వదిలి అందరిదీ అవుతుంది. సీత దుఃఖాన్ని అనుభవించడానికి మనం సీత కానక్కరలేదు.

ఆధునిక కాలంలో ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. అమెరికాకు చెందిన సాహిత్య అధ్యాపకురాలు రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో పిల్లల పుస్తకాలను కిటికీలతోను, ముఖం చూసుకునే అద్దాలతోను పోల్చారు. చదివే పుస్తకాల్లో తనలాంటివారు ఎక్కడా కనిపించకపోతే, లోకంలో తనకు విలువ లేదన్న పాఠం ఆ పిల్లకు అందుతుందన్నది ఆమె వాదం. మన భాషలో కిటికీకి బిగించేదీ అద్దమే, ముఖం చూసుకునేదీ అద్దమే. నవల చదివేటప్పుడు ఈ రెండింటిలో దేనిముందు నిలబడ్డామో తెలుసుకోవాలి.

1.3 నవల: చదరంగం, గొంతు

తెలుగులో యువతీయువకుల కోసం ప్రత్యేకమైన నవలాశాఖ బలంగా ఏర్పడలేదు. ఆ వయసువారు వారపత్రికల సీరియల్స్, అద్దెపుస్తకాల దుకాణాల్లో దొరికే నవలలు చదివారు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో ఉద్యోగానికి బయలుదేరిన జయంతి ఆత్మాభిమానాన్ని ఎందరో అమ్మాయిలు తమదిగా భావించారు. ‘వెన్నెల్లో ఆడపిల్ల’ కూడా ఆ విధంగా చదివిన నవలే.

ఇందులో నాయకుడు రేవంత్ చదరంగం ఆటగాడు. ఒక అపరిచితురాలు అతనికి ఫోన్ చేస్తుంది. తానెవరో చెప్పదు, చిక్కుప్రశ్నలు వేసి తనను కనుక్కోమంటుంది. వెతికి వెతికి ఆమెను చేరుకునేసరికి ఆమె బతికి ఉండదు. ఈ నవల ఆధారంగా 1995లో సునీల్ కుమార్ దేశాయ్ దర్శకత్వంలో అనంత్ నాగ్ నటించిన కన్నడ చిత్రం ‘బెళదింగళ బాలె’ వచ్చింది.

చదరంగం ఇందులో అలంకారం కాదు. కథ నడిచే పద్ధతే ఆట పద్ధతి. ఒకరు ఎత్తు వేస్తారు, మరొకరు ఆలోచిస్తారు. తొలిప్రేమలోనూ జరిగేది అదే కదా: ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడం, తప్పుగా ఊహించడం, మళ్ళీ ప్రయత్నించడం. అభిరుచి, ప్రేమ ఒకే మనఃస్థితిని కోరతాయని ఈ నవల పట్టుకుంది. అందుకే చదరంగం రానివారు కూడా తమను ఇందులో చూసుకున్నారు.

1.4 ఎవరిలో చూసుకుంటున్నాం?

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. కథ రేవంత్ వైపునుంచి సాగుతుంది. అతనికి వృత్తి, పేరు, స్నేహితులు ఉన్నారు. రమ్యకు చాలాసేపు గొంతు ఒక్కటే ఉంది. ముఖం కనిపించకపోవడమే ఈ పాత్ర ఆకర్షణ. ఖాళీగా ఉన్న ఆ చోట ఏ పాఠకురాలైనా తన ముఖం పెట్టుకోవచ్చు. మా విద్యార్థిని చేసింది అదే.

మరి చిక్కుప్రశ్నలు అల్లింది ఎవరు? రమ్య. అంటే ఈ కథలో ఇద్దరు ఆటగాళ్ళున్నారు. అతని తెలివికి ఆటగాడన్న పేరుంది. ఆమె తెలివి అతన్ని తనవైపు రప్పించుకోవడానికే ఉపయోగపడింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ సంగతి తెలిసిన నేటి పాఠకురాలు ‘రమ్య బల్ల దగ్గర ఎందుకు కూర్చోలేదు?’ అని అడగగలదు, అడగాలి.

1.5 అద్దంలో కనిపించనివి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. అటు రాయలసీమ కథల్లోను, ఇటు కోస్తా నవలల్లోను ఈ ఊళ్ళ పేర్లు అరుదు. ఇక్కడి పాఠకులకు నవల ఎక్కువగా కిటికీయే. ఇంట్లో ఫోను, తీరిక సాయంత్రాలు, ఒక్కరే కూర్చునే గది – ఇవన్నీ ఉంటేనే రమ్య ఆట సాగుతుంది. నీళ్ళ బిందెల కోసం వరుసలో నిలబడే పిల్లకు అభిరుచి ఉండదని కాదు. దానికి గంట సమయం మిగలదు. ఆ పిల్లా పలకమీద సుద్దతో పులిజూదం గీసి ఆడుతుంది. దాన్ని అభిరుచి అని ఎవరూ అనరు.

నవల ముగింపును కూడా ఇదే దృష్టితో చూడాలి. రమ్య మరణం మనల్ని కదిలిస్తుంది. అయితే ఆ మరణంవల్ల కొన్ని ప్రశ్నలు రాకుండా పోయాయి: ఇంట్లో ఒప్పుకుంటారా? కులం ఏమిటి? పెళ్ళయ్యాక ఆమె చదువు సాగుతుందా? మన ఊళ్ళలో తొలిప్రేమ ఎక్కువగా ఆగిపోయేది ఈ ప్రశ్నల దగ్గరే. నవల మన గుండెదడను పట్టుకుంది, మన గుమ్మాన్ని పట్టుకోలేదు.

ఇది నవలను తీసిపారేయడానికి చెప్పడం లేదు. అది ఇచ్చినది పెద్దది. గొంతుతో, తెలివితో ప్రేమించవచ్చని, అందం ఒక్కటే అర్హత కాదని ఎందరికో చెప్పింది. ఇవ్వనిది ఏమిటో చెప్పగల పాఠకురాలు మాత్రం దాన్ని పూర్తిగా చదివినట్టు.

1.6 సారాంశం

పాత్రలో తనను చూసుకోవడం బలహీనత కాదు. పఠనం మొదలయ్యేది అక్కడే. కానీ అక్కడే ఆగితే అది ఇష్టం మాత్రమే. పాత్రకూ తనకూ ఉన్న దూరాన్ని కొలిచినప్పుడు అది విమర్శ అవుతుంది. ఆ కొలత వేయాలంటే ‘నేను’ అనే మాట అవసరం.

1.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సాధారణీకరణం అంటే ఏమిటి? (5 వాక్యాలు)
2. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో చదరంగానికి, కథనపద్ధతికి ఉన్న సంబంధాన్ని చర్చించండి. (15 వాక్యాలు)
3. మీకు నచ్చిన ఒక నవలలో మీరు ఏ పాత్రలో మిమ్మల్ని చూసుకున్నారు? ఆ పాత్రకు ఉండి మీకు లేనివి, మీకు ఉండి ఆ పాత్రకు లేనివి ఏవి? (20 వాక్యాలు)

మూడో ప్రశ్నకు ‘నేను’ అంటూ జవాబు రాయండి. దానికి మార్కులు తగ్గవు.