చప్పట్లు లేని కచేరీ: 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్' - ఒక పరిశీలన

బ్రిటిష్ ప్రయోగాత్మక రాక్ బృందం కింగ్ క్రిమ్సన్ 1974లో వెలువరించిన 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్' పైకి స్టూడియో ఆల్బమ్‌గానే వినిపిస్తుంది. అయితే ఇందులోని ఎనిమిది రచనల్లో పూర్తిగా స్టూడియోలో రూపొందినవి రెండే. 'ది నైట్ వాచ్' ఆరంభం వేదికపైది. తక్కిన భాగం స్టూడియోది. మిగిలిన అయిదింటికీ 1973 అక్టోబరు, నవంబరు నెలల్లో యూరప్‌లో జరిగిన కచేరీల రికార్డింగులే ఆధారం. శ్రోతల చప్పట్లను తొలగించి వాటిని ఆల్బమ్‌లో కూర్చారు.

ఈ తొలగింపును కేవలం సాంకేతిక విషయంగా చూడలేం. రాబర్ట్ ఫ్రిప్ ముందుగా స్వరపరచిన 'ఫ్రాక్చర్', వేదికపై అప్పటికప్పుడు పుట్టిన శీర్షికా రచన ఒకే స్థాయిలో నిలబడతాయి. ఏది సిద్ధరచన, ఏది ఆశురచన అన్నది శ్రోత తేల్చుకోలేడు. ఆశుసంగీతానికి రచనా గౌరవం దక్కించడంలో ఆల్బమ్ సఫలమైందనే చెప్పాలి.

కానీ 'ట్రియో' దగ్గర ఈ పద్ధతి బెడిసికొట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌హెబౌ వేదికపై డేవిడ్ క్రాస్ తంత్రీవాద్యం, జాన్ వెటన్ బేస్, ఫ్రిప్ మెలోట్రాన్ కలిసి అల్లిన అతి మృదువైన రచన ఇది. డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ అదే వేదికపై ఉండి కూడా ఒక్క దెబ్బ వేయలేదు. అయినా రచయితలలో ఆయన పేరు చేర్చారు. ఆ మౌనమే ఆయన రచన అని బృందం గుర్తించిందన్నమాట. స్టూడియోలో డ్రమ్స్ లేకపోవడం సాధారణ విషయం. నిండు సభలో వాయించగలిగీ వాయించకపోవడం ఒక నిర్ణయం. నిషిద్ధాక్షరిలో చెప్పిన పద్యాన్ని ఆ నిషేధాలు తెలియకుండా చదివితే పద్యం అందుతుంది గాని అవధాని ఎదుర్కొన్న సంకటం అందదు. చప్పట్లతోపాటు సభ కూడా మాయమైనందువల్ల 'ట్రియో' శ్రోతకు జరిగేదీ అదే. పేరు కూడా మౌనంగా ఉన్న నాలుగో మనిషిని లెక్కలోంచి తప్పించింది!

1997లో ఆ ఆమ్‌స్టర్‌డామ్ కచేరీ 'ది నైట్ వాచ్' పేరుతో వెలువడింది. 1974 ఎల్పీలో 'ట్రియో' మొదటి వైపున, శీర్షికా రచన రెండో వైపున ఉన్నాయి. 1997 ప్రచురణలో ఈ క్రమం తారుమారైంది. బ్రూఫర్డ్ వాద్యం ఉద్ధృతంగా మోగే శీర్షికా రచన ముందు వస్తుంది. దాని వెనుకనే 'ట్రియో'. అంతసేపు మోగిన చేతులు ఇక్కడ ఆగిపోయాయని శ్రోతకు వేరే చెప్పనక్కరలేదు.