పాత్రకో ఊరు కావాలి

గోదావరి కథ అనగానే చాలామంది కలం ముందు కొబ్బరిచెట్టు దగ్గర ఆగుతుంది. ఆ వెనకే పడవ, పూతరేకులు, ప్రతి మాట చివరా ఓ ‘ఆయ్’. ఇన్ని పెట్టాక కూడా ఆ మనిషి ఏ ఊరివాడో పోల్చుకోలేం. రాజోలు వాడా, రామచంద్రపురం వాడా, అసలు ఏటికి ఏ ఒడ్డున పుట్టినవాడు? తెలీదు. గోదావరి జిల్లావాడు, అంతే.

నేనిప్పుడు రాస్తున్న నవలలో మాణిక్యం అని నలభై రెండేళ్ళ మనిషి ఉంది. ఆవిడది కె.గంగవరం మండలం. ఊరి పేరు నేను కల్పించిందే, మండలం మాత్రం నిజం. ఆవిడకి ఊరు అమర్చే పనిలో పడ్డాక నాకొకటి తేలింది. పాత్ర కళ్ళకి ఏం కనబడుతోందో రాస్తే ఊరు రాదు. ఊరు ఆ మనిషిచేత ఏం చేయించింది, దేనికి అడ్డం పడింది అన్నది రాస్తే వస్తుంది.

ముందు ఒడ్డు సంగతి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కె.గంగవరం మండలం కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. కానీ గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న నేలే తరతరాలుగా కోనసీమ. గంగవరం గౌతమికి ఇవతలి ఒడ్డు. సంతకైనా సినిమాకైనా రామచంద్రపురం, రోగం ముదిరితే కాకినాడ. ఆఫీసుల మీద బోర్డు మారింది గానీ మనుషులు నడిచే దారులు మారలేదు. 1996లో జరిగే ఘట్టంలో మాణిక్యంచేత ‘మా కోనసీమ’ అనిపిస్తే ఆ పక్క పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. అప్పటికి ఆమె దృష్టిలో కోనసీమంటే ఏటవతల.

పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. ద్రాక్షారామ భీమేశ్వరుడి పక్కన ఉన్నది మాణిక్యాంబ. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ఆ పేరు మామ్మల నుంచి మనవరాళ్ళకి వస్తుంది. బడిలో చేరేసరికి ‘మణి’ అయిపోతుంది. అన్నవరం సత్యదేవుడి పుణ్యమా అని ఇంటికో సత్యనారాయణ, వీధికో సత్తిబాబు ఉంటారు. పాత్రకి పేరు పెట్టేముందు దగ్గర్లో ఏ గుడి ఉందో చూసుకోవాలి.

తర్వాత ఏళ్ళ లెక్క. మాణిక్యం తండ్రి చిన్నప్పుడు కోటిపల్లిలో రైలెక్కాడని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. కానీ కుదరదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ లైను వేసి రైలు నడిపింది 2004లో. అంటే తాత ఎక్కిన రైలు తండ్రి వయసులో ఉండగా ఎక్కలేదు. దాన్ని మళ్ళీ చూసింది మాణిక్యం కొడుకు. మూడు తరాల మధ్య తేడా చూపించడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు, వేరే పేజీలు అక్కర్లేదు.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాక ఇక్కడి పంచాంగం కాలువలది. తూర్పు డెల్టాలో సార్వా, దాళ్వా పంటలు అయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కట్టేసే లోపు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. కథల్లో మాత్రం వేసవి సెలవుల్లో పిల్లలు నిండు కాలువలో ఈతలు కొడుతుంటారు! మే నెలాఖరున కాలువలో మిగిలేది బురద, మడుగుల్లో చేపలు పట్టే కుర్రాళ్ళు. అది రాస్తేనే డెల్టా.

ఇక యాస. మాట చివర ‘అండి’ తగిలిస్తే గోదావరి యాస అయిపోదు. ఎవరు ఎవరితో అంటున్నారన్నది చూడాలి. 1996 నవంబరు 6 తుఫాను వచ్చేసరికి మాణిక్యానికి పన్నెండేళ్ళు. తండ్రి కౌలురైతు. చేతికందే చేను నేలకి పరుచుకుపోయింది. అతను కామందు అరుగు కింద నిలబడ్డాడు.

“చేనంతా పడిపోయిందండి. ఇంకా నీళ్ళల్లోనే ఉందండి. ఈసారికి సగం బస్తాలకి ఒప్పుకోండి బాబూ, దాళ్వాలో సరిచేసేస్తానండి.”

“నాకు మాత్రం పోలేదేంట్రా? కొబ్బరితోటంతా పడుకుంది. చూద్దాంలే.”

ఇంటికొచ్చి పెళ్ళాంతో అతనన్నది ఒకటే ముక్క. “చూద్దామన్నాడే.”

అరుగు దగ్గర మాటమాటకీ ఉన్న ‘అండి’ ఇంటి గుమ్మం దాటగానే ‘అన్నాడు’ అయింది. పిల్ల రెండూ వింది. తుఫాను గాలిని ఎంత భయంకరంగా వర్ణించినా, మాణిక్యానికి జీవితాంతం గుర్తుండేది ఆ వారంలో విన్న ఈ రెండు మాటలే. ఊరు ఆమెలో దిగిపోయింది అక్కడ.

ఈ విద్య నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఇళ్ళలో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగుని కథల్లోకి తెచ్చారు. రామచంద్రపురానికి దగ్గర్లోని పసలపూడిని వంశీ తెలుగువాళ్ళందరికీ చుట్టాల ఊరు చేశారు. ఏటవతల మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. పాలేరు నిలబడ్డ చోటు నుంచి చూస్తే అదే పచ్చని పొలం వేరేగా కనబడుతుంది. ఎవరి కళ్ళతో చూస్తున్నామో తేల్చుకోకుండా ఊరి అందం రాయడం సగం పనే. 2018లో వచ్చిన ‘రంగస్థలం’ సినిమా తీసుకోండి. ఊరు చాలావరకు హైదరాబాదులో వేసిన సెట్టు. అయినా చాలామంది నమ్మారు. దర్శకుడు సుకుమార్ సొంతూరు మలికిపురం దగ్గర మట్టపర్రు. ఆయన కథానాయకుడు చిట్టిబాబుకి చేతినిండా పని ఇచ్చారు, ఇంజనుతో చేలకి నీళ్ళు పెట్టే పని. దాంతో ఆ కుర్రాడు ఊళ్ళో ప్రతి గట్టూ తొక్కాల్సినవాడు, ప్రతి రైతుతో మాట్లాడాల్సినవాడు అయ్యాడు. ఊరు తనంతట తానే వచ్చి చేరింది.

అమెరికా దక్షిణాదిలో విలియం ఫాక్నర్ తను పెరిగిన మిసిసిపీ ప్రాంతానికి యోక్నపటాఫా అని కల్పిత పేరు పెట్టుకుని నవల తర్వాత నవల అందులోనే నడిపాడు. 1936 నాటి ‘అబ్సలోం, అబ్సలోం!’ నవలకి ఆ కౌంటీ పటం గీసి మరీ జోడించాడు. పేరు కల్పితమే, ఏ దారి ఎటు పోతుందో మాత్రం ఖాయం. నేనూ ఓ కాగితం మీద మాణిక్యం ఊరి పుంతలు, బోదెలు, పల్లం, మెరక, రేవు గీసుకుని బల్లకి అతికించుకున్నాను. ఆమెకి 2002లో ముక్తేశ్వరం పక్క పెళ్ళి చేశాను. పుట్టింటికి రావాలంటే ఏరు దాటించే పంటు ఎక్కి కోటిపల్లి రేవులో దిగాలి. వరదొస్తే పంటు కట్టేస్తారు. తల్లికి బాగోలేదని శ్రావణంలో కబురొస్తే ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఆ ఆలస్యంలోనే నా కథ ఉంది. అది నేను అల్లింది కాదు, గోదావరి ఇచ్చింది.

ఇంకొకటి. ఇప్పటి ఊరు రాసేవాళ్ళు అరుగులూ పెంకుటిళ్ళూ దగ్గరే ఆగిపోవద్దు. గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్ళారు. మాణిక్యం కూడా వెళ్ళొచ్చింది. ఇంటికి స్లాబు పడింది ఆ డబ్బుతోనే. కొడుకు పదో తరగతి ఫలితం ఆమె ఫోన్లో విన్నది. అది లేకుండా ఈనాటి డెల్టా పల్లె లేదు.

కొత్తగా రాస్తున్నవాళ్ళకి ఒక మాట. ఊరి పేరు మీ ఇష్టం, మనుషులూ మీ ఇష్టం. కాలువ కట్టేసే నెల, పంటు ఆగే రోజు, రైలు లేని ఏళ్ళు మాత్రం మీ ఇష్టం కావు. రాశాక అచ్చుకి పంపేముందు ఆ ఊళ్ళో కౌలు చేసే మనిషికి ఒకసారి చదివి వినిపించండి. ఆయన ఎక్కడ మొహం చిట్లిస్తే అక్కడ మళ్ళీ రాయండి.