స్నానపుగది బయటి గోడ

వానకు మొగము వాచియుండు మడకశిర సీమలో గోడకు చెమ్మ పట్టినదని యెవరైన మొరపెట్టుకొన్నచో, క్రొత్తవారికి అది పరిహాసముగానే తోచును. అయినను, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యీ యెత్తున, పుష్యమాసపు తెల్లవారుజామున చలి కొరుకుచున్నప్పుడు, క్రొత్త యింటి స్నానపుగదిలో బయటివైపు గోడను తడవి చూడుడు, అరచేయి తడియగును. మేస్త్రీని పిలిచినచో ఆయన మిద్దెను చూచి, గొట్టములను చూచి, తుదకు బయట మరియొక పూత సిమెంటు వేయుమనును.

ఆ పూత వేయించినవారి గోడలే మరుసటి యేట మరింత పొక్కులెత్తుట నేనెరుగుదును. ఏలనన, ఆ నీరు బయటినుండి వచ్చినది కాదు. వేడినీళ్ల స్నానముచే 30 డిగ్రీలకు చేరిన గాలి ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. రాత్రియెల్ల చల్లబడి 15 డిగ్రీలకు దిగిన గోడను తాకినంతనే 13 గ్రాములకు మించి మోయజాలక, తక్కిన బరువును అక్కడనే దించివేయును. ఆ నీరు గోడలోనికింకి, అందలి లవణములను కరగించి పైకి తెచ్చును. చవుడు పూసినదని మనమనునది దానినే. చిత్రమేమనగా, సీమ మట్టిమిద్దెలపై వానను ఆపుటకు పెద్దలు పరచినదియు చవుటిమన్నే. సోడియపు లవణములు కలిసిన ఆ బంకమన్ను తడిసినప్పుడు రేణువులు విడివడి సందులను పూడ్చును; మిద్దెపై కాపుకాయుచున్న దాని జ్ఞాతియే గోడలో చేరి గారను తినివేయుచున్నది.

పాతయిండ్లలో రాగిహండా పొయ్యి జలకాల గదిలోనే యుండుటచే, నీళ్లు కాగులోపల గోడయు వెచ్చబడెడిది. వెచ్చని గోడపై ఆవిరి నిలువదు. గీజరు నీటిని కాచునే గాని గోడను కాచదు. పాతగోడల మేలు సున్నపుగారదేయని, దాని గొప్పదనమునకు లేపాక్షి గుడి మండపపు చిత్రములను సాక్ష్యము చూపువారు కలరు. పదునారవ శతాబ్దినాటి ఆ చిత్రములు గారపైననే నిలిచినమాట నిజమే. అయితే ఆ మండపమున ఎవరును వేడినీళ్లతో తలంటి పోసికొనలేదు.

కావున చేయవలసినది గోడ లోపలి మొగమును చల్లబడనీయకుండుట. క్రొత్తగా కట్టువారు, కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రచారమొనర్చిన విధమున, ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ బోలు విడిచినచో, అందలి నిశ్చలమైన గాలియే వేడిమి జారిపోకుండ చాలవరకు అడ్డుపడును. ఇటుకలును నాలుగవవంతు మిగులును. కట్టియున్న గోడకైతే బయటివైపు థర్మోకోల్ పలకలను అతికించి, జాలీ బిగించి, పైపూత వేయించవచ్చును. వీనిలో ఏది చేసినను, స్నానమైన పిదప పై కిటికీని అరగంట తెరచియుంచనిదే ఆవిరికి దారి లేదు. చలియని భయపడి దానిని అట్టముక్కతో మూసినవారి యిండ్లలోనే నల్లబూజు మొదట కనబడును. పడమటి గోడయైనచో ఈ బోలు, పలకల యేర్పాటు వేసవి యెండకును అడ్డుపడును గనుక, ఖర్చునంతయు చలికాలపు పద్దుననే వ్రాయుట న్యాయము కాదు.