ఒక్క దెబ్బ తుపాకీ

మందూ గుండూ గొట్టం మూతిలోంచే వేసి, గజం అనే పొడుగు కడ్డీతో దట్టించి, ఒక్కసారి పేల్చాక మళ్లీ మొదటికొచ్చే తుపాకీని మన ఉత్తరాంధ్ర కొండ ఊళ్లలో నాటు తుపాకీ అంటారు. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి పేపర్లో ఆ మాట వచ్చిందంటే పక్కనే కేసు, అరెస్టు అనే మాటలు కూడా ఉంటాయి. ఆ తుపాకీకి చట్టం ఒప్పుకున్న బతుకు ఒకటుందని, దాన్ని సరిగా వాడటం ఒక విద్య అని చాలామందికి తెలియదు. ఆ విద్య పోకూడదు. అలాగని దాంతో మన అడవిలో జింకను కొట్టనూ కూడదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలని ఈ వ్యాసం.

మొదటిసారి ఇలాంటి తుపాకీ కొనాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొండ కింద చోడి చేను మీద రాత్రికి రాత్రి పందుల మంద పడితే, మంచె మీద డబ్బా వాయించి విసిగిపోయి లైసెన్సు కోసం అర్జీ పెట్టే రైతులు కొందరు. ఇక్కణ్ణుంచి అమెరికా వెళ్లి స్థిరపడి, అక్కడి జింకల వేట సీజన్లో తోటి ఉద్యోగులతో కలిసి బయలుదేరే మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు మరికొందరు. తుపాకీ సూత్రం ఇద్దరికీ ఒకటే, చట్టం మాత్రం వేరు.

మన ప్రాంతానికి ఇది కొత్త వస్తువేమీ కాదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోట మీద పడిన రోజున పేలినవన్నీ మూతి నుంచి దట్టించినవే, ఫిరంగులతో సహా. ఫ్రెంచి సిపాయిల చేతుల్లో చెకుముకి తుపాకులు ఉండేవి. ఆ కాలంలో మన సంస్థానాల బంట్ల దగ్గర ఎక్కువగా ఉన్నవి జామగి తుపాకులు. జామగి అంటే సురేకారం నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన తాడు. దాని కొసన నిప్పు రాజుకుంటూనే ఉండాలి. మీట నొక్కితే ఆ కొస వచ్చి రంజకం మీద, అంటే ముట్టించడానికి బయట పోసిన చిటికెడు మందు మీద, వాలుతుంది. రంజకం అంటుకుని, గొట్టం పక్కనున్న సన్నటి రంధ్రం గుండా లోపలి మందును ముట్టిస్తుంది. వాన పడితే తాడు ఆరిపోతుంది. చీకట్లో నిప్పు కనబడిపోతుంది. గాలి తిరిగితే వాసన మృగానికి తెలిసిపోతుంది. అన్నిటికీ మించి, ఒక చేత్తో నిప్పు పట్టుకుని ఇంకో చేత్తో మందు పోసుకోవాలి. అంత తంటా పడి ఒక్క గుండు వదిలాక, రెండోది సిద్ధమయ్యేలోపు కత్తి పట్టినవాడు మీద పడతాడు. బొబ్బిలి కథలో ఆఖరి దెబ్బ కూడా తుపాకీది కాదు. కోట పడిన కొద్ది రాత్రులకే విజయరామరాజు గుడారంలో దూరిన తాండ్ర పాపారాయుడు బాకుతోనే పగ తీర్చుకున్నాడు.

చెకుముకి రాయి ఉక్కు మీద కొట్టుకుని నిప్పురవ్వ రాల్చే పద్ధతి వచ్చాక తాడు బెడద తప్పింది. అయినా రంజకం భగ్గుమనడానికీ గుండు బయలుదేరడానికీ నడుమ ఒక రెప్పపాటు మిగిలే ఉంది. ఆ మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే చర్చి బోధకుడు తల పట్టుకున్నాడు. ఆయనకు వేట పిచ్చి, రసాయనాల పిచ్చి రెండూ ఉన్నాయి. దెబ్బ తగిలితే చాలు పేలిపోయే రసాయనాన్ని తుపాకీకి జోడించి 1807లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆ రసాయనం చిన్న రాగి టోపీలోకి చేరింది. అదే కేపు. తుపాకీ గుర్రం, అంటే మీట నొక్కితే పడే సుత్తి, వచ్చి కేపు మీద పడటం, లోపలి మందు అంటుకోవడం దాదాపు ఒక్కసారే జరుగుతాయి. 1857 తిరుగుబాటుకు నిప్పు పెట్టిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ కూడా కేపుతో పేలే మూతి తుపాకీయే. సిపాయిలు పళ్లతో చించాల్సి వచ్చిన ఆ కాగితపు తోటాలోని మందును గొట్టం మూతిలోనే పోసేవారు.

వెనక నుంచి తోటా పెట్టే రైఫిళ్లు వచ్చాక దొరలూ జమీందారులూ మూతి తుపాకీని వదిలేశారు. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లిన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ మూడు వందలకు పైగా పులులను కొట్టారని ఆయన గురించి రాశారు. అదొక కాలం, అదొక దర్పం. దాన్ని వేట విద్య అనడానికి నాకు మనసొప్పదు. డప్పులు కొట్టించి, మనుషుల చేత అడవి తోలించి, తోటా వెనక తోటా పేల్చడంలో నేర్చుకోవాల్సిందేముంది? ఒక్క గుండే ఉన్నవాడు దగ్గరికి వెళ్లాలి, గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, ఊపిరి బిగబట్టాలి, అనుమానం ఉంటే వదిలేయాలి. నేను విద్య అంటున్నది దాన్ని.

ఇక కొనడం మాట. 1959 ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్ పంట కాపలా కోసం మూతి నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. జిల్లాలో లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టరుది. వయసు 21 నిండాలి, పోలీసు విచారణ జరగాలి, 2016 నిబంధనల ప్రకారం ఆయుధ భద్రతా శిక్షణ తీసుకోవాలి. లైసెన్సు చేతికొచ్చాకే లైసెన్సున్న డీలరు దగ్గర తుపాకీ కొనాలి. ఊళ్లో ఎవరో చేసిచ్చిన తుపాకీ చవకగా దొరుకుతుంది కదా అని చెయ్యి చాపితే, 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంచుకున్నందుకే రెండు నుంచి ఐదేళ్ల జైలు. చేసి అమ్మినవాడికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పడుతుంది. చట్టం సంగతి అటుంచినా ఆ తుపాకీ మీద నాకు నమ్మకం లేదు. మందు పేలినప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడిని తట్టుకోవాల్సిన ఇనుము అది. పరీక్షకు నిలవని గొట్టం పగిలితే ఆ ముక్కలు వెళ్లేది పట్టుకున్నవాడి ముఖంలోకే.

పాత తుపాకీ కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు గజం దింపి చూడాలి. గొట్టం ఖాళీగా ఉంటే గజం అడుగున ఇనుముకు తగిలి ఖంగుమంటుంది. ఆ చప్పుడు రాకుండా మెత్తగా ఆగిందంటే లోపల పాత మందు, గుండు ఉన్నట్టే. ఏళ్ల తరబడి అటక మీద పడున్న తుపాకీలో కూడా మందు బతికే ఉండవచ్చు. అలాంటిదాన్ని సొంతంగా గెలకకుండా తుపాకీ పని తెలిసినవాడికి అప్పగించాలి. ఖాళీ అని తేలాక, గొట్టం మూతి దగ్గర గజం మీద ఒక గీత గీసుకోవాలి. తర్వాత సరైన కొలతతో దట్టించాక, అదే చోట రెండో గీత. ఈ రెండు గీతలుంటే తుపాకీలో ఏమీ లేదా, ఒక దెబ్బ ఉందా, మరుపున రెండుసార్లు దట్టించామా అన్నది క్షణంలో తెలుస్తుంది. మందూ గుండూ రెండేసిసార్లు పడిన తుపాకీ పేలితే మనిషి బతకడం అదృష్టం. తర్వాత చూడాల్సినవి: గొట్టం లోపల తుప్పు గుంటలు, గుర్రం సగం ఎత్తినప్పుడు జారకుండా నిలుస్తోందా, కేపు కూర్చునే మొన మర వదులైందా, మడమ దగ్గర కర్ర బీటలు వారిందా.

దట్టించే వరస మారకూడదు. పొడి గుడ్డతో గొట్టం తుడవాలి. ఉత్త కేపు ఒకటి పేల్చి రంధ్రంలో నూనె లేకుండా చేసుకోవాలి. నల్ల మందును కొలగొట్టంలో కొలిచి పోయాలి, డబ్బాలోంచి సూటిగా గొట్టంలో పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలుంటే చేతిలోని డబ్బా మొత్తం అంటుకుంటుంది. తోటాల్లో వాడే పొగరాని మందు ఇందులో చిటికెడు కూడా కలపకూడదు, దాని ఒత్తిడికి ఈ గొట్టం ఆగదు. ఆ పైన నూనె పట్టించిన నూలు గుడ్డలో గుండును చుట్టి, మూతిలోకి నొక్కి, గజంతో మందు మీద ఆనేదాకా దింపాలి. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. తల ఎప్పుడూ మూతి మీదికి వంగకూడదు. కేపు చిట్టచివర, గురి పెట్టబోయే ముందే పెట్టాలి. గుర్రం పడినా పేలకపోతే తుపాకీని దించకుండా, మూతి ఎదురుగా ఎవరూ లేని దిక్కుకే ఉంచి ఒక నిమిషం ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకుని ఆ నిమిషంలోనే పేలవచ్చు.

గురి కుదర్చడానికి రోజంతా కేటాయించాలి. మన లైసెన్సు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది కాబట్టి యాభై గజాలు దాటితే ఒంటి గుండు మీద భరోసా తగ్గిపోతుంది. అమెరికాలో అమ్మే రకాల్లో గొట్టం లోపల మెలిక గాట్లు ఉంటాయి. గుడ్డ చుట్టిన ఉండ గుండుకు 60, 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే నిదానపు మెలిక నప్పుతుంది. పొడుగు గుండుకు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది కావాలి. 48 అంగుళాల మెలిక రెండింటికీ మధ్యస్థం. కొనేముందు ఏ గుండు వాడతారో తేల్చుకోకపోతే తర్వాత తుపాకీని తిట్టుకోవడమే. అక్కడ జింకలకు ఎక్కువమంది యాభై క్యాలిబర్ తీసుకుంటారు. ఉండ గుండుతో 60 గ్రెయిన్ల మందు, అంటే దాదాపు నాలుగు గ్రాములు, మొదలుకు సరిపోతుంది. ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ, తయారీదారు పెట్టిన హద్దులోపలే ఆగాలి. ముందు పాతిక గజాల దగ్గర, తర్వాత యాభై దగ్గర మూడేసి గుళ్లు కాల్చి చూడాలి. మందు మార్చితే గుండు మార్చకూడదు, గుండు మార్చితే గుడ్డ మార్చకూడదు. రెండూ ఒకేసారి మార్చితే ఏది కుదిరిందో ఎవరూ చెప్పలేరు.

నల్ల మందు కాలాక మిగిలే మసి వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చినట్టు గాలిలోని తేమను పీలుస్తుంది. మన తీరప్రాంతపు గాలికి తుప్పు పట్టడానికి ఒక్క రాత్రి చాలు. పేల్చిన రోజే వేణ్ణీళ్లతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డ తిప్పాలి. ఎంత పొద్దుపోయినా ఆ పని మర్నాటికి వాయిదా వేయకూడదు.

జింక సంగతికి వద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1974 నుంచి చెకుముకి తుపాకీతో మాత్రమే వేటాడే సీజన్ ఒకటి నడుస్తోంది. అక్కడ తెల్లతోక జింకలు విపరీతంగా ఉన్నాయి, వాటిని ఎంతమేరకు కొట్టవచ్చో ఏటా ప్రభుత్వం నిర్ణయిస్తుంది, వేట శిక్షణ పాసైనవాడికే లైసెన్సు దొరుకుతుంది. అక్కడున్న మన పిల్లలు ఆ పద్ధతిలో వెళితే నాకు అభ్యంతరం లేదు. జింక పక్కకు తిరిగి నిలబడితేనే, ముందుకాలి వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట కొట్టాలి. పరుగెత్తేదాన్ని, పొద మాటున ఉన్నదాన్ని కొట్టకూడదు. పొగ విడిచాక వెంటనే పరుగెత్తకుండా అరగంట ఆగి నెత్తుటి జాడ పట్టాలి. గాయపడినదాన్ని వదిలి ఇంటికి రావడం కన్నా ఆ రోజు పేల్చకుండా రావడమే మేలు.

మన కొండల లెక్క వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు దుప్పి, కణితి, కొండగొర్రె, కృష్ణజింక వేటలన్నీ నేరాలే. చంపడమొక్కటే కాదు, ఉచ్చు పన్నడం, తోలడం, ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. పంట కాపలా లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు కూడా రాదు, దానికి అటవీశాఖ అనుమతి విడిగా కావాలి. చేను కాపలాకు ఆ తుపాకీ చప్పుడే చాలావరకు సరిపోతుంది. ఈ నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పోడు, గనులు, రోడ్లు కలిసి అడవిని ముక్కలు చేశాక మిగిలిన కాసిని దుప్పులకు ఒక్క గుండు కూడా ఎక్కువే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా గూళ్లు కట్టుకునే కొంగలను, గూడబాతులను ఊరి జనమే తమ పిట్టలని కాపాడుకుంటున్నారు. దుప్పి విషయంలోనూ కొండ ఊళ్లకు ఆ మమకారం రావాలి.

మీ ఇంట్లో తాతగారి పేర లైసెన్సున్న మూతి తుపాకీ ఉండి, ఆయన ఇప్పుడు లేకపోతే, దాన్ని అటక మీద దాచకండి. దట్టించి ఉందేమో తుపాకీ పని తెలిసినవాడితో గజం దింపించి చూసి, పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేసి, వారసులుగా మీ పేర లైసెన్సుకు అర్జీ పెట్టుకోండి. ఆయన ఎంత మందు పోసేవారు, ఏ గుడ్డ వాడేవారు, ఎలా కడిగేవారు అన్నది గుర్తున్న పెద్దలు మీ ఊళ్లో ఇంకా ఉంటే, వాళ్లనడిగి ఈ ఏడాదే రాసి పెట్టుకోండి.